వంచిన వెలుగు: అనకాపల్లి రోడ్డు మీద లాంతరు నుంచి జినాన్ దాకా

కారు హెడ్‌లైట్లో జినాన్ బల్బు మార్చడం ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, లైటు వెనక మూత తీసి, పాత బల్బు ఉన్నచోట అదే రకం కొత్త బల్బు కూర్చోబెట్టాలి. అయినా ఈ మాట ఎత్తగానే మన ఊళ్లలో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. అది మనం ముట్టుకోకూడని పని, షోరూముకే తీసుకెళ్లాలని కొందరంటారు. బల్బు బల్బే కదా, ఏ కారుకైనా ఏదైనా బిగించుకోవచ్చని ఇంకొందరంటారు. రెండు మాటలూ తప్పేనని నా వాదన. ఆ తప్పు ఎక్కడుందో తెలియాలంటే రోడ్డు మీద దీపం నడిచి వచ్చిన దారి చూడాలి. అందుకు అనకాపల్లి మంచి చోటు. మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత ట్రంకు రోడ్డు ఈ ఊరి మీదుగానే పోయేది. బెల్లం బళ్లు, జట్కాలు, సైకిళ్లు, లారీలు, ఫార్మా కంపెనీల బస్సులు, ఖరీదైన కార్లు ఒకదాని తర్వాత ఒకటిగా ఆ రోడ్డెక్కాయి, కొన్నాళ్లు ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. ఈ నూరేళ్ల పైచిలుకు కాలంలో దీపం కాంతి పెరిగిన ప్రతిసారీ ఆ కాంతిని ఎదుటివాడి కంట పడకుండా వంచే ఏర్పాటు కూడా కాస్త ముందో వెనకో దాని వెంట వచ్చింది. జినాన్ దగ్గరికి వచ్చేసరికి మన బజారులో ఆ రెండూ విడిపోయాయి. బల్బు వచ్చింది, వంచే ఏర్పాటు రాలేదు.

మొదటిది ఎడ్లబండి లాంతరు. శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లికి పేరు తెచ్చింది బెల్లం. దేశంలోని బెల్లం మార్కెట్లలో దీన్ని రెండో పెద్దదిగా చెబుతారు. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం పెట్టారంటే ఈ పంటకు ఈ నేలతో ఉన్న అనుబంధం ఎంత పాతదో తెలుస్తుంది. పల్లెల్లో గానుగ ఆడి, పాకం కాచి, పోసిన బెల్లం దిమ్మలను రైతులు బళ్ల మీద ఊళ్లోకి తోలుకొచ్చేవారు. తెల్లవారేసరికి మార్కెట్టుకు చేరాలంటే రాత్రే బయల్దేరాలి. అలాంటి బండికి ఇరుసు కింద కిరసనాయిలు లాంతరు వేలాడేది. ఆ లాంతరు బండివాడికి దారి చూపేది కాదు. దారి ఎడ్లకు తెలుసు. ముందు నుంచి వచ్చేవాడికీ వెనక నుంచి వచ్చేవాడికీ ఇక్కడొక బండి ఉందని చెప్పడమే దాని పని. జట్కా బండి పక్కన వెలిగే దీపం పని కూడా అదే. లైటు లేకుండా రాత్రిపూట సైకిలు తొక్కేవాడిని పోలీసులు ఆపి జరిమానా వేసిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. ఆ సైకిలు దీపంతో రోడ్డు మీద గుంట కూడా సరిగ్గా కనిపించేది కాదు, అయినా చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. చూడటానికి కాకుండా కనబడటానికి పుట్టిన దీపం కాబట్టి రోడ్డు దీపం మొదటి బాధ్యత ఎదుటివాడి పట్లనే. నేను చెప్పబోయే మిగతా అంతా ఈ పునాది మీదే నిలుస్తుంది.

1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు రైలుమార్గం పడింది. దూరప్రయాణం రైలెక్కింది, రోడ్డుకు స్థానిక రాకపోకలు మిగిలాయి. అందుకే ఇంకా కొన్ని దశాబ్దాలు ఈ రోడ్డుకు లాంతరు సరిపోయింది. పెద్ద వెలుగు మోటారుతో వచ్చింది. థామస్ విల్సన్ 1892లో విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడ్ తయారుచేయడం కనిపెట్టాక ఎసిటిలీన్ దీపం సాధ్యమైంది. పైన నీళ్లు, కింద కార్బైడ్ గడ్డలు. నీటిబొట్టు పడితే గ్యాసు పుట్టి తెల్లటి మంటగా వెలుగుతుంది. తొలి కార్ల ముందు భాగంలో ఉన్నవి ఇవే. భారత మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చేనాటికి ప్రపంచంలో చాలా కార్లు గ్యాసు దీపాలతోనే తిరుగుతున్నాయి. వీటి గురించి ఒక సంగతి మనం మరిచిపోయాం. ఈ దీపాన్ని బండి నడిపేవాడే నింపుకోవాలి, అడుగున మిగిలిన సున్నపు మడ్డిని తానే కడగాలి, బర్నరు పూడుకుపోతే తానే పొడిచి శుభ్రం చేయాలి. కిరసనాయిలు లాంతరు వత్తి కత్తిరించుకోవడం ఎలా ఇంటిపనో ఇదీ అంతే. వాహనపు దీపాన్ని యజమాని చేతులతో చూసుకోవడం ఇంటర్నెట్ కాలంలో పుట్టిన సరదా కాదు, వాహనమంత పాత అలవాటు.

1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు, విద్యుత్ దీపాలు కాడిలాక్ కార్లలో వచ్చాయి. గ్యాసు దీపం కాలం ఆ తర్వాత తొందరగానే ముగిసింది. కానీ నా లెక్కలో హెడ్‌లైట్ చరిత్రలో అసలు మలుపు కరెంటు రావడం కాదు. 1924లో జర్మనీలో ఓస్రామ్ కంపెనీ బైలక్స్ బల్బు తెచ్చింది. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు. ఒకటి దూరానికి, రెండోది కిందికి. ఎదురుగా బండి వస్తే స్విచ్ నొక్కి కాంతిని వంచవచ్చు. మన పాత లారీల్లో, పాత అంబాసిడర్లలో ఎడమకాలి దగ్గర ఉండే డిప్పర్ స్విచ్ ఆ ఆలోచనకు సంతానమే. లారీ వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసుకోవడం, ఎదురుబండివాడు డిప్పర్ కొడితే తానూ కొట్టడం మన డ్రైవర్ల మర్యాద. ఒక వృత్తి తనకు తానుగా ఏర్పరచుకున్న నీతి అది. వంచగలిగే దీపం చేతికి వచ్చాక వంచకపోవడం అమర్యాద అయింది.

యుద్ధం ఈ సంగతిని ఇంకో రకంగా నేర్పింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటి నుంచి తీరమంతా దీపాలార్పిన రాత్రులు, వాహనాల హెడ్‌లైట్లకు ముసుగులు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగినప్పుడు మళ్లీ అవే రాత్రులు. యుద్ధం లేని రోజుల్లో కూడా హెడ్‌లైటు అద్దం పైభాగానికి నల్లరంగు పూయడమో, నడుమ గుండ్రంగా నల్లచుక్క పెట్టడమో మన రోడ్ల మీద చాలాకాలం కనిపించింది. ఇప్పుడు నడివయసులో ఉన్నవాళ్లంతా దాన్ని చూసినవాళ్లే. శాస్త్రం దృష్టితో చూస్తే అది మొరటు ఉపాయం. వెలుగును మళ్లించకుండా కొంత మింగేస్తుంది, అంతే. అయినా ఆ నల్లరంగు వెనక ఉన్న ఒప్పుకోలు గొప్పది: నా లైటు ఎదుటివాడికి ఇబ్బంది, దాన్ని కొంత తగ్గించుకోవడం నా వంతు. ఈనాటి నీలి లైట్లవాళ్ల దగ్గర కనబడనిది ఆ ఒప్పుకోలే.

హాలోజెన్ కథ చిన్నది గానీ జినాన్ సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి. 1957లో యూరప్‌లో ఒక పక్కకు మాత్రమే కాస్త ఎత్తుగా పడే డిమ్ కాంతి అమల్లోకి వచ్చింది. ఎదురు బండి వచ్చే పక్క కాంతి కిందికి తెగుతుంది, రోడ్డు అంచు పక్క కాస్త దూరం పోతుంది. 1962లో హెచ్1 అనే తొలి కారు హాలోజెన్ బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చాయి. మన దేశంలో ఏడంగుళాల గుండ్రటి లైట్లలోనూ తర్వాతి చిన్నకార్ల లైట్లలోనూ ఏళ్ల తరబడి రాజ్యమేలింది ఈ హెచ్4. పెద్ద లైటుకు 60 వాట్లు, డిమ్‌కు 55. దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే డిమ్ ఫిలమెంటు కింద గోరంత లోహపు దొప్ప కనిపిస్తుంది. పైకి పోయి ఎదుటివాడి కంట్లో పడబోయే కాంతిని ఆపేది ఆ దొప్పే. వంచే ఏర్పాటు బల్బు కడుపులోనే ఉందన్నమాట. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో 60/55 తీసి 100/90 వాట్ల బల్బులు పెట్టడం అలవాటైంది. హోల్డర్లు కాలాయి, రిఫ్లెక్టర్ల మెరుపు పూత మాడింది, ఎదుటివాళ్లు తిట్టుకున్నారు. అయినా ఆ దొప్ప అక్కడే ఉంది గనక కాంతి ఎక్కువైనా దాని ఆకారం చెడలేదు.

ఇక జినాన్. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవీకరించిన గాలి నుంచి వేరుచేసిన అరుదైన గ్యాసు ఇది. కారు హెడ్‌లైటుగా మొదట అమ్మకానికి వచ్చింది 1991లో, బి.ఎం.డబ్ల్యూ. 7 సిరీస్‌లో. ఇందులో ఫిలమెంటు ఉండదు. క్వార్ట్జ్ గొట్టంలో నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి నడుమ ఒత్తిడితో నింపిన జినాన్, లోహ లవణాలు. స్విచ్ వేయగానే 20,000 వోల్టులకు పైబడిన ఒక్క దెబ్బతో ఆ ఎడంలో నిప్పురవ్వ దూకుతుంది. జినాన్ వెంటనే వెలుగుతుంది, కొన్ని సెకన్లకు లవణాలు ఆవిరై పూర్తి కాంతి ఇస్తాయి. ఆ తర్వాత డి1, డి2 రకాలకు 85 వోల్టుల దగ్గర, పాదరసం లేని డి3, డి4 రకాలకు దాదాపు 42 వోల్టుల దగ్గర కరెంటు నిలకడగా ఉండాలి. ట్యూబ్‌లైటుకు చోక్ చేసే పని ఇక్కడ బ్యాలస్ట్ చేస్తుంది. ఫలితం అబ్బురమే. హెచ్7 హాలోజెన్ 55 వాట్లు తిని 1500 ల్యూమెన్ల వెలుగిస్తే, డి2ఎస్ జినాన్ 35 వాట్లకే 3200 ఇస్తుంది. తక్కువ కరెంటుకు రెట్టింపు కంటే ఎక్కువ వెలుగు. దీన్ని కనిపెట్టినవాళ్లకు ఒక సంగతి మొదటి నుంచీ తెలుసు: ఇంత వెలుగును విడిచిపెడితే ఎదుటివాడు గుడ్డివాడవుతాడు. అందుకే యూరప్ నిబంధనలు బల్బుకు ఒకటి, లైటుకు ఒకటి విడివిడిగా రాసి, 2000 ల్యూమెన్లు దాటిన దీపానికి రెండు షరతులు పెట్టాయి. వెనక సీట్లో మనుషులెక్కి కారు ముక్కు పైకి లేస్తే లైటు తనంతట తాను కిందికి దిగాలి. అద్దం మీద మట్టి పడితే కాంతి చెదిరిపోతుంది గనక దాన్ని కడిగే పిచికారీ ఉండాలి. వీటికి తోడు గీత గీసినట్టు కాంతిని పైన కోసే ప్రొజెక్టర్ కటకం, లేదా దానికోసమే చేసిన రిఫ్లెక్టరు. 3200 ల్యూమెన్లకు ఇవన్నీ కలిపి చెల్లించే వెల. జినాన్ అంటే ఈ మొత్తం వ్యవస్థ. అందులో బల్బు ఒక భాగం మాత్రమే.

మన రోడ్డు మీదికి ఈ వ్యవస్థ ఎలా వచ్చిందో చూడాలి. స్వర్ణ చతుర్భుజి రహదారుల పథకం కింద చెన్నై–కోల్‌కతా రోడ్డు నాలుగు వరుసలైంది. ఐదో నంబరు జాతీయ రహదారి 2010 తర్వాత పదహారో నంబరైంది. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఇప్పుడు ఆరు వరుసలు. రాత్రిపూట వేగం పెరిగింది, దూరం చూపే లైటు అవసరమూ పెరిగింది. బి.ఎం.డబ్ల్యూ. 2007లో చెన్నై దగ్గర కార్ల బిగింపు మొదలుపెట్టింది. మెర్సిడెస్, స్కోడా పెద్దకార్లలోనూ జినాన్ కనబడసాగింది. దాదాపు అదే కాలంలో యాక్సెసరీ షాపుల్లోకి ‘హెచ్.ఐ.డి. కిట్’ దిగింది. రెండు జినాన్ బల్బులు, రెండు బ్యాలస్టులు, కొంత వైరు. హెచ్4 హోల్డరులో సరిపోయేలా అడుగుభాగం చేసి ఉంటుంది, కాబట్టి పది నిమిషాల్లో బిగిసిపోతుంది. కానీ హెచ్4లోని ఆ గోరంత దొప్ప ఇందులో లేదు. ఫిలమెంటు ఉండాల్సిన చోటుకు ఆర్క్ సరిగ్గా రాదు. కొన్ని కిట్లలో డిమ్, బ్రైట్ కోసం అయస్కాంతంతో బల్బును ముందుకూ వెనక్కూ జరుపుతారు. ఆ జరుగుడు ఫిలమెంటు పనికి సాటి రాదు. హాలోజెన్ కోసం లెక్కకట్టిన రిఫ్లెక్టరు మీద ఈ కాంతి పడి, గీత లేకుండా అన్ని వైపులా, పైకి కూడా చెదిరిపోతుంది. ఇంకొందరు విదేశాల్లో పాతకార్ల నుంచి విప్పిన ప్రొజెక్టర్లు తెచ్చి బిగిస్తారు. కిట్ కంటే ఇది మెరుగని వాళ్ల నమ్మకం. అమెరికా, జర్మనీ కార్లు రోడ్డుకు కుడిపక్క నడుస్తాయి గనక వాటి డిమ్ కాంతి కుడి అంచు వైపు ఎత్తు లేస్తుంది. మన దగ్గర కుడిపక్క ఉండేది ఎదురు బండి. కటకం మంచిదే అయినా చీల్చే దిక్కు తప్పు. జపాను మనలాగే ఎడమపక్క నడిచే దేశం కాబట్టి అక్కడి లైటుకు ఈ దోషం లేదన్న తేడా చెప్పే అమ్మకందారు అరుదు.

చట్టం ఈ సంగతిని అస్పష్టంగా వదిలిపెట్టలేదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 105వది లాంతరు కాలపు ధర్మాన్ని కొనసాగిస్తుంది: ముందు దీపం 155 మీటర్ల దూరం నుంచి కనబడాలి. 106వది డిప్పర్ కాలపు ధర్మాన్ని కొలతల్లో పెడుతుంది: దీపానికి 8 మీటర్ల దూరంలో, కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కన్ను మిరుమిట్లు గొలపకుండా కాంతి ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి. ఆ కన్ను ఎవరిదో ఊహించుకోవడం కష్టం కాదు. ఎదురుగా వచ్చే సైకిలువాడిది, నడిచివచ్చే మనిషిది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన ప్రమాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని తీర్పిచ్చింది. అదే ఏడాది సవరించిన చట్టం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. జినాన్‌తో తయారైన కారులో అదే రకం జినాన్ బల్బు పెట్టడం మార్పు కాదు, మరమ్మతు. హాలోజెన్ కారులో జినాన్ పెట్టడం మార్పు. నా వాదనలోని గీతా చట్టం గీసిన గీతా ఒకటే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే: మన రోడ్లు చీకటి, గేదెలు అడ్డం వస్తాయి, స్పీడ్‌బ్రేకర్లకు గుర్తులుండవు, కారుతో వచ్చిన లైటు చాలదు. చాలదన్న మాట నిజం. కానీ రిఫ్లెక్టరులో పెట్టిన కిట్ ఆ లోటు తీర్చదు. అది ఎక్కువ కాంతిని బండి ముందు పది పదిహేను మీటర్లలో పోస్తుంది. దగ్గర నేల తెల్లగా మెరిసేసరికి కంటిపాప ముడుచుకుని దూరపు చీకటి ఇంకా చిక్కనవుతుంది. డ్రైవరుకు బాగా కనబడుతున్నట్టు అనిపిస్తుంది, కనబడాల్సింది కనబడదు. శీతాకాలం చెరకు తోటల మీద మంచు దిగే వేళ పైకి చెదిరిన కాంతి మంచుబిందువుల మీద పడి తన కంట్లోకే తిరిగి వస్తుంది. పైగా బజారులో 6000, 8000 కెల్విన్లని అంకెలు పెంచి అమ్ముతారు. ఆ అంకె పెరిగితే రంగు నీలం వైపు జరుగుతుంది, వెలుగు పెరగదు సరికదా తగ్గుతుంది. కంపెనీ కార్లలోని అసలు జినాన్ 4300 దగ్గరే ఉంటుంది. నిజంగా వెలుగు కావలసినవాడికి ఇంతకంటే చవక దారులున్నాయి. పాత వైర్లలో, స్విచ్‌లో వోల్టేజీ పదో వంతు పోతే హాలోజెన్ వెలుగులో నూటికి ముప్పై పాళ్లు పోతుంది. మంచి రిలే వేసి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగితే ఆ ముప్పై తిరిగొస్తుంది. పచ్చబడిన ప్లాస్టిక్ అద్దం రుద్ది శుభ్రం చేయించడం, వంపు సరిచూసుకోవడం కూడా అంతే. ఇవేవీ ఎదుటివాడి కన్ను అడగవు.

నడుమ డివైడరున్న హైవే మీద ఎదురు బండి బాధేముంది అనేది రెండో అభ్యంతరం. డివైడర్ల మీద గన్నేరు, కాగితపు పూల చెట్లు పెంచడం అందానికే కాదు, ఎదురు లైటు అడ్డుకోవడానికి కూడా. అంటే రోడ్డు కట్టినవాళ్లే హెడ్‌లైటును ప్రమాదంగా లెక్కపెట్టారు. కానీ హైవే దిగిన కారు చోడవరం, మాడుగుల వైపు వెళుతుంది, అచ్యుతాపురం కంపెనీల వైపు వెళుతుంది. అక్కడ చాలాచోట్ల నడుమ చెట్టూ లేదు, గోడా లేదు. చెరకు కాలంలో గోవాడ సుగర్ ఫ్యాక్టరీ దారిలో ట్రాక్టర్లు, బళ్లు వెనక లైటు లేకుండానే పోవడం కొత్త కాదు. వెనక అంటించిన రేడియం స్టిక్కరు ఒక్కటే వాటి ఆనవాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురు కిట్ లైటు దాటాక చూపు కుదుటపడటానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే, డ్రైవరు 50 మీటర్లు ఏమీ చూడకుండా నడిపాడన్నమాట. ఆ 50 మీటర్లలో చెరకు బండి ఉండవచ్చు. కిట్ బిగించుకున్నవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అప్పటికి అతను ఊరు దాటి ఉంటాడు.

మూడో అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. లక్షలు పోసిన కారుకే మంచి వెలుగా, చిన్నకారువాడు చీకట్లో పోవాలా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. జినాన్‌ను ధనికుల కార్లకే పరిమితం చేసింది దాని ఖరీదు, ఆ ఖరీదులో సింహభాగం కటకానిదీ, తనంతట తాను వంగే ఏర్పాటుదీ. కిట్ చవకైంది ఆ భాగాన్ని వదిలేయడం వల్లనే. వదిలేసిన ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఎదురుగా వచ్చే మోపెడ్‌వాడి మీద, సైకిలువాడి మీద పడింది. వాళ్లు చిన్నకారువాడి కంటే పేదవాళ్లు. సమానత్వం పేరుతో భారాన్ని ఇంకా కింది మెట్టుకు దించడం సమానత్వం కాదు. మంచి వెలుగు చిన్నకారుకు రావాలంటే అది ఫ్యాక్టరీ నుంచే, మొత్తం వ్యవస్థగా రావాలి. ఆలస్యంగానైనా ఇప్పుడు అలాగే వస్తోంది. 2007లో లెక్సస్ తొలిసారి డిమ్‌లైటుగా వాడిన ఎల్‌ఈడీలు ఇప్పుడు మన మధ్యతరగతి కార్లలో కంపెనీ బిగింపుగానే ఉన్నాయి. జినాన్ కొత్త కార్లలోంచి తప్పుకుంటోంది.

అయితే జినాన్‌తో పుట్టిన కార్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. ఇక్కడే నాలుగో అభ్యంతరం: 20,000 వోల్టుల పని ఇంట్లో ఎందుకు? జాగ్రత్త అవసరమే, భయం అవసరం లేదు. లైటు, ఇంజను ఆపి, బ్యాటరీ విప్పి, కొన్ని నిమిషాలు ఆగితే ఆ వోల్టులు ఉండవు. కొన్ని మోడళ్లలో బంపరో, చక్రం లోపలి తొడుగో విప్పాల్సి వస్తుంది. అలాంటప్పుడు తెలిసిన మెకానిక్ చేతిలో పెట్టడమే మంచిది. మిగతావాటిలో జాగ్రత్తలు కొన్నే. పాత బల్బు మీది అచ్చు చూసి అదే కొనాలి. డి1లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నైటరు బల్బుతో కలిసి ఉంటుంది, డి2లో విడిగా ఉంటుంది. చివర ఎస్ అంటే కటకపు లైటుకు, ఆర్ అంటే రిఫ్లెక్టరుకు. ఆర్ బల్బు గాజు మీద కాంతిని ఆపే నల్లపూత ఉంటుంది. పాత హెడ్‌లైటు నల్లరంగు కొలతలు నేర్చుకుని ఇక్కడికి చేరినట్టుంది. డి1 బదులు డి3 పెట్టకూడదు, వోల్టేజీ వేరు. గాజును వేళ్లతో తాకకూడదు. లోపల గ్యాసు ఒత్తిడి మీద ఉంటుంది గనక కళ్లద్దాలు పెట్టుకోవాలి. డి1, డి2లలో పాదరసం ఉంటుంది కాబట్టి పాతవి పగలగొట్టకూడదు, చెత్తకుండీలో వేయకూడదు. వాడేకొద్దీ జినాన్ రంగు మారుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, విప్పకముందే కారును గోడ ముందు సమంగా నిలిపి కాంతి పైగీత ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. మార్చాక ఆ గీత అక్కడే పడాలి. హడావుడిలో ఉన్న షాపులో ఈ ఆఖరి పనికి తీరిక దొరకదు. తన కారును తాను చూసుకునేవాడికి దొరుకుతుంది. కార్బైడ్ దీపం కడిగిన డ్రైవరు చేసింది కూడా అలాంటి పనే.

కాబట్టి బల్బు కొనే ముందు కారు హెడ్‌లైటు అద్దం మీదో, దాని ఒంటి మీదో అచ్చువేసిన అక్షరాలు చదవండి. ‘డీ’తో మొదలయ్యే డీసీ, డీఆర్, డీసీఆర్ అని ఉంటే ఆ లైటు జినాన్ కోసం చేసిందే, బల్బు మీరే మార్చుకోవచ్చు. ‘హెచ్’తో మొదలయ్యే హెచ్‌సీ, హెచ్‌ఆర్, హెచ్‌సీఆర్ అని ఉంటే అది హాలోజెన్ లైటు. దానిలో హాలోజెనే పెట్టండి, కిట్ జోలికి పోకండి.